నవ్వును మందిరం గుమ్మం దగ్గర ఆపకండి: కాపరులకు, పెద్దలకు, ఆదివార బడి ఉపాధ్యాయులకు బహిరంగ లేఖ

ప్రియమైన సంఘ కాపరులకు, పెద్దలకు, ఆదివార బడి ఉపాధ్యాయులకు, యవ్వనస్థుల నాయకులకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు.

మందిరంలో అడుగుపెట్టగానే ముఖం బిగించుకోవడమే భక్తి అనే నియమం చాలా సంఘాల్లో ఉంది. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ ప్రకటించలేదు, అయినా అందరూ పాటిస్తారు. పసివాడు కిసుక్కుమంటే తల్లి కళ్లెర్రజేస్తుంది. కొత్తగా బాప్తిస్మం పొందిన యువకుడు స్నేహితులతో పగలబడి నవ్వితే ‘వీడింకా లోకాన్ని వదల్లేదు’ అంటారు. ఈ నియమానికి వాక్యంలో ఆధారం లేదని, దీనివల్ల విశ్వాసులకు నిజమైన హాని జరుగుతోందని చెప్పడానికే ఈ లేఖ. దీంతోపాటే మరో సంగతీ చెప్పాలి. నవ్వుకు చోటిచ్చిన సంఘాల్లో వినబడే నవ్వు చాలాసార్లు ఒకరిని నొప్పించి మిగతావారిని నవ్వించే రకం. సంఘ పరిచర్యలోనూ, నలిగిన మనసులకు ఆదరణనిచ్చే సేవలోనూ ఉన్న మేము ఈ రెండింటినీ సరిచేయమని మిమ్మల్ని వేడుకుంటున్నాం.

మొదట వాక్యం చూద్దాం. నూరేండ్లకు చేరువైన అబ్రాహాము సాగిలపడి నవ్వాడు (ఆదికాండము 17:17). గుడారం ద్వారం దగ్గర శారా తనలో తాను నవ్వుకుంది. ‘ఎందుకు నవ్వింది?’ అని ప్రభువు అడిగితే భయపడి, నవ్వలేదని బొంకింది. ఆయన మాత్రం ‘నీవు నవ్వావు’ అని ఉన్నమాట చెప్పి, వాగ్దానాన్ని అలాగే ఉంచాడు. ఏడాది తిరిగేసరికి ఆమె నోటినుంచి వచ్చిన మాట ఇది: ‘దేవుడు నాకు నవ్వు కలుగజేసెను’ (ఆదికాండము 21:6). వినేవారంతా తనతో కలిసి నవ్వుతారని కూడా ఆమె అంది. ఆమె చేత అబద్ధమాడించింది నవ్వు కాదు, భయం. మన సంఘాల్లోనూ జరుగుతున్నది అదే. మనసులో ఉన్నది ముఖంలో కనబడితే ఏమంటారోనన్న భయంతో విశ్వాసులు ఆదివారానికొక ముఖం తయారుచేసుకుంటున్నారు.

చెరనుంచి తిరిగివచ్చిన జనం ‘మన నోటినిండ నవ్వుండెను’ అని పాడారు (కీర్తన 126:2). నవ్వడానికి ఒక సమయం ఉందని ప్రసంగి చెప్పాడు. ‘ఇప్పుడు ఏడ్చుచున్న మీరు ధన్యులు, మీరు నవ్వుదురు’ అన్నది స్వయంగా ప్రభువు (లూకా 6:21). ఆయన వాగ్దానం చేసినదాన్ని ఆయన మందిరంలోనే తప్పుగా చూడడం ఎలా న్యాయం?

దీనికి జవాబుగా మీరు మూడు వచనాలు చూపిస్తారని తెలుసు. ఎఫెసీ 5:4 సరసోక్తులను నిషేధిస్తుంది, నిజమే. అయితే దాని పై వచనాన్ని, కింది వచనాన్ని కలిపి చదవండి. పైన జారత్వం, అపవిత్రత, లోభత్వం గురించి మాట ఉంది. కింద మళ్లీ అవే వస్తాయి. ‘బూతులు, పోకిరిమాటలు’ పక్కనే నిలిచిన సరసోక్తులు రెండర్థాల మాటలే తప్ప అన్నం దగ్గర కుటుంబం నవ్వుకునే నవ్వు కాదు. ‘మీ నవ్వు దుఃఖమునకు మార్చుకొనుడి’ అని యాకోబు రాసింది తమలో తాము పోరాడుకుంటూ, లోకంతో స్నేహం చేస్తూ, దాన్ని పట్టించుకోనివారికి. నాలుగో అధ్యాయం మొదటినుంచి చదివితే అది తేటగా తెలుస్తుంది. ‘ఇప్పుడు నవ్వుచున్న వారలారా’ అన్న ప్రభువు హెచ్చరిక ధనవంతులకూ కడుపు నిండినవారికీ చేసిన హెచ్చరికల వరుసలోనే ఉంది. పక్కవాడి ఆకలి పట్టని నవ్వు అది. ఆ నవ్వును మేమూ సమర్థించం.

యేసు నవ్వినట్టు సువార్తల్లో లేదు కదా అన్న వాదనకు వయసు చాలా ఎక్కువ. నాలుగో శతాబ్దం చివర్లో సంఘ పితరుడు జాన్ క్రిసోస్తమ్ మత్తయి సువార్తపై చేసిన ప్రసంగాల్లో ఆ మాట అన్నాడు. ఆయనకంటే ముందు మరో సంఘ పితరుడు బాసిల్ తన సన్యాస నియమాల్లో, పగలబడి నవ్వడం మనసు అదుపు తప్పిందనడానికి గుర్తు అన్నాడు. అయితే చిరునవ్వుతో సంతోషం తెలపడం తప్పు కాదని అక్కడే రాశాడు. ఆ రెండో మాటను తర్వాతివారు మరిచిపోయారు. ఆరో శతాబ్దపు బెనెడిక్ట్ నియమావళి దీనత్వానికి చెప్పిన పన్నెండు మెట్లలో పదోది, తొందరపడి నవ్వకుండా ఉండడం. ఇవన్నీ సన్యాస జీవితానికి ఏర్పరచిన క్రమాలు. పిల్లాపాపలతో, పనిపాటలతో బతికే సంఘానికి వాటిని యథాతథంగా తొడగడం పొరపాటు. పదమూడో శతాబ్దంలో వేదాంతి థామస్ అక్వినాస్ ఇంకో వైపునుంచి ఆలోచించాడు. అలసిన శరీరానికి విశ్రాంతి ఎంత అవసరమో అలసిన మనసుకు ఆట, సరదా మాట అంత అవసరమన్నాడు. తానూ సరదాగా ఉండక, ఇతరులనూ ఉండనివ్వకపోవడం దోషమేనని తేల్చి చెప్పాడు. మార్టిన్ లూథర్ 1530లో, దిగులుతో కుంగిపోతున్న జెరోమ్ వెల్లర్‌కు ఉత్తరం రాస్తూ, ఒంటరిగా ఉండవద్దనీ, మనుషుల మధ్యకు వెళ్లి మాట్లాడమనీ, సరదాగా పరాచికాలాడమనీ సలహా ఇచ్చాడు.

ఇక యేసు మాటల సంగతి. కంట్లో దూలం పెట్టుకుని ఎదుటివాడి కంట్లో నలుసు తీయబోయే మనిషిని, దోమను వడగట్టి ఒంటెను మింగే పరిసయ్యుణ్ని ఒక్కసారి కళ్లముందు నిలబెట్టుకోండి. ఈ మాటల్ని మొదటిసారి విన్న జనం మొహాలు ముడుచుకుని కూర్చున్నారని మేము నమ్మలేం. ఆయన ఆత్మయందు ఆనందించాడని లూకా 10:21 రాసిపెట్టింది. మనం ఈ భాగాలను ఎప్పుడూ ఒకే బరువైన గొంతుతో చదివి, అందులోని చమత్కారాన్ని చంపేస్తున్నాం.

శరీరం విషయానికి వస్తే, ‘సంతోషముగల మనస్సు ఆరోగ్యకారణము’ (సామెతలు 17:22) అన్న వచనాన్ని అందరూ ఎత్తి చెబుతారు. నవ్వినప్పుడు లోపల జరిగేది కూడా కొంత తెలుసుకోవడం మంచిది. ఉదరవితానం (ఊపిరితిత్తుల కింద ఉండే కండరం), పక్కటెముకల మధ్య కండరాలు, పొట్ట కండరాలు కలిసి ఊపిరిని చిన్న చిన్న తునకలుగా బయటికి తోస్తాయి. ‘హ’కూ ‘హ’కూ మధ్య దూరం సెకనులో దాదాపు ఐదో వంతు. మామూలు శ్వాసలో బయటికి పోనంత గాలి పోతుంది, ఆ తర్వాత లోతైన శ్వాస దానంతటదే వస్తుంది. బాగా నవ్వాక ఒళ్లు తేలికపడినట్టు అనిపించడానికి ఇదొక కారణం. 2012లో పరిశోధకుడు రాబిన్ డన్‌బార్ బృందం, నలుగురితో కలిసి నవ్వినవారు ఆ తర్వాత నొప్పిని మరికొంత ఎక్కువగా ఓర్చుకోగలుగుతున్నారని చూపింది. 2017లో ఫిన్లాండ్ పరిశోధకులు మెదడు స్కాన్లతో, స్నేహితులతో కలిసి నవ్వాక మెదడు సొంతంగా తయారుచేసుకునే నొప్పి తగ్గించే పదార్థాలు విడుదలవుతున్నాయని చూశారు. సంఘానికి వీటన్నిటికంటే ముఖ్యమైనది నవ్వుపై పరిశోధన చేసిన రాబర్ట్ ప్రొవైన్ గమనించిన సంగతి అని మా అభిప్రాయం. మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడు. అంతేకాదు, మాటల మధ్య నవ్వు వచ్చిన సందర్భాల్లో నిజంగా హాస్యమనదగినవి ఐదో వంతుకు మించలేదు. మిగతావన్నీ ‘అలాగా, మళ్లీ కలుద్దాం’ వంటి మామూలు మాటలే. అంటే నవ్వు పుట్టడానికి జోకులు అక్కర్లేదు, మనుషులు భయం లేకుండా కలిసి కూర్చోవడం కావాలి. ఆరాధన అవగానే తలుపులు వేసి దీపాలు ఆర్పే సంఘం ఆ అవకాశాన్ని పోగొట్టుకుంటుంది. ఇరవై నిమిషాలు తలుపులు తెరిచి ఉంచండి, కుర్చీలు వరుసల్లో కాకుండా గుండ్రంగా తిప్పండి.

అలాగని నవ్వు మందు కాదు. బిపికి, మధుమేహానికి, కుంగుబాటుకు వాడుతున్న మాత్రలకు బదులు నవ్వమని ఎవరూ బోధించకూడదు. ఉబ్బసం ఉన్నవారికి గట్టిగా నవ్వితే ఆయాసం రావచ్చు. హెర్నియా ఉన్నవారు, పొట్టకు ఆపరేషన్ అయినవారు జాగ్రత్తగా ఉండాలి. కాన్పులైన చాలామంది స్త్రీలు నవ్వినప్పుడు మూత్రం చుక్కలు పడతాయన్న సిగ్గుతో కూటాల్లో వెనక కూర్చుంటారు. కటి కండరాల వ్యాయామంతో అది చాలావరకు తగ్గుతుందని స్త్రీల కూటంలో తెలిసినవారితో చెప్పించండి.

మరో హెచ్చరిక మరీ ముఖ్యం. పక్షవాతం వచ్చినవారిలో, మెదడుకు దెబ్బ తగిలినవారిలో కొందరికి కారణం లేకుండా అదుపులేని నవ్వు గాని ఏడుపు గాని వస్తుంది. లోపల సంతోషం ఉండదు, ఆపుకోవడం వారి చేతిలో ఉండదు. ఒక రకం మూర్ఛలో కూడా నవ్వు తెరలుతెరలుగా వస్తుంది. అటువంటివారు ప్రార్థన మధ్యలో నవ్వితే దురాత్మ అని గద్దించడం క్రూరత్వం. పక్కన నెమ్మదిగా కూర్చోండి, తర్వాత కుటుంబంతో మాట్లాడి నరాల వైద్యుని దగ్గరికి పంపండి. దానికి వైద్యం ఉంది.

ఇప్పుడు ప్రసంగ వేదిక. మేము గట్టిగా చెప్పదలుచుకున్నది ఇక్కడే.

ప్రసంగంలో నవ్వు చదివిన వాక్యభాగంలోంచే పుట్టాలి. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తీసుకోండి. సంఘమంతా చెరసాలలో ఉన్న పేతురు విడుదల కోసం ప్రార్థిస్తోంది. పేతురు వచ్చి తలుపు తడితే, ఆయన గొంతు గుర్తుపట్టిన రొదే అనే అమ్మాయి సంతోషం పట్టలేక తలుపు తీయడమే మరచి లోపలికి పరుగెత్తింది. ప్రార్థిస్తున్నవాళ్లు ‘నీకు పిచ్చి’ అన్నారు. పేతురు బయట తడుతూనే ఉన్నాడు. దీన్ని ఉన్నదున్నట్టు, తొందరపడకుండా చదివితే చాలు, సంఘం నవ్వుతుంది. ఆ నవ్వులోనే, మనం అడిగినదాన్ని దేవుడు ఇచ్చినప్పుడు నమ్మలేకపోయే మన సంగతి కూడా తెలిసిపోతుంది. బిలాము గాడిద, బయలు ప్రవక్తలతో ఏలీయా ‘మీ దేవుడు నిద్రపోతున్నాడేమో, ఇంకా గట్టిగా అరవండి’ అనడం, సొరచెట్టు ఎండిందని అలిగిన యోనా, ఇవన్నీ అలాంటివే. వీటికి బయటినుంచి తెచ్చిన జోకు తగిలించనక్కరలేదు.

బయటినుంచి తెచ్చేదే అయితే రెండు మూడు వాక్యాల్లో, అర నిమిషంలో ముగియాలి. నలభై నిమిషాల ప్రసంగంలో అలాంటివి ఒకటి రెండు చాలు. బరువైన వివరణ తర్వాత, వినేవారి దృష్టి సడలే చోట పెట్టండి. పశ్చాత్తాపానికి పిలిచే చివరి పది నిమిషాల్లో, ప్రభు బల్లకు ముందు, మరణవార్త ప్రకటించిన వెంటనే వద్దు. ‘ఇప్పుడొక జోకు చెబుతాను’ అని మొదలుపెట్టకండి, ముందే మీరు నవ్వకండి. చెప్పాక రెండు సెకన్లు ఆగండి. ఆగకపోతే నవ్వు మొదలయ్యేలోపే మీ తర్వాతి మాట దాన్ని తొక్కేస్తుంది, ఆ మాటా ఎవరికీ వినబడదు. ఎవరూ నవ్వకపోతే ముందుకు సాగిపోండి. ‘ఏంటి, నవ్వరా?’ అనడం నవ్వును బలవంతంగా వసూలు చేయడమే. నాలుగు నిమిషాల కథ చెప్పి చివర్లో నవ్విస్తే ఇంటికెళ్లాక జనానికి కథే గుర్తుంటుంది, వాక్యం పోతుంది.

ఎవరిమీద నవ్విస్తున్నామో చూసుకోవడం ఇంకా పెద్ద విషయం. ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ మాట ఎవరి గురించో, ఆ మనిషి ముందు వరుసలో కూర్చుని ఉంటే నిజంగా నవ్వుతాడా? రంగు, లావు, నత్తి, అవిటితనం, పుట్టుక, చదువు లేకపోవడం, పెళ్లి కాకపోవడం, పిల్లలు లేకపోవడం, వీటిమీద ఒక్క మాట కూడా వద్దు. పిల్లలు లేని దంపతులు ఆ ఆదివారం నవ్వినట్టే కనబడతారు, మరుసటి ఆదివారం రారు. భార్యలమీద, అత్తలమీద వేసే జోకులు వేదికమీద మామూలైపోయాయి. సొంత భార్యమీదే కదా అంటారు. మైకు మీ చేతిలో ఉంది, ఆమెకు జవాబిచ్చే వీలు లేదు. చెప్పాలనుకుంటే ముందురోజే, ఇంట్లో, కాదనే స్వేచ్ఛ ఉన్నప్పుడు ఆమెను అడగండి. పిల్లల గురించైనా అంతే. ప్రసంగాలు రికార్డయి ఊరంతా తిరిగే ఈ రోజుల్లో ఆ మాట ఆమె పనిచేసే చోటికీ, వాడి తరగతి గదికీ చేరుతుంది.

‘సరదాకి అన్నాను’ అన్న సమర్థన వాక్యం ముందు నిలవదు. పొరుగువాణ్ని మోసపుచ్చి నవ్వులాటకు చేశాననేవాణ్ని సామెతలు 26:18-19 అమ్ములూ కొరవులూ విసిరే వెఱ్ఱివాడితో పోల్చింది. కూతురు చనిపోయిన యాయీరు ఇంట్లో జనం యేసును అపహసించినప్పుడు ఆయన వాళ్లందరినీ బయటికి పంపేశాడు (మార్కు 5:40). బిడ్డ బతికిన ఆ గదిలో ఎగతాళికి చోటు లేకపోయింది. నోరు జారితే ఇలా చేయండి: ముందు ఆ మనిషి ఇంటికి వెళ్లి క్షమాపణ అడగండి. ఆ తర్వాత, వారికి ఇష్టమైతేనే, ఎక్కడ అన్నారో అక్కడే, వేదికమీదే, పేరు చెప్పకుండా ఒప్పుకోండి. వెయ్యిమంది ముందు అవమానించి ఫోన్‌లో క్షమాపణ చెబితే లెక్క సరిపోదు.

మనస్తత్వ పరిశోధకుడు రాడ్ మార్టిన్, ఆయన సహచరులు 2003లో హాస్యాన్ని నాలుగు రకాలుగా విడగొట్టారు. నలుగురినీ దగ్గర చేసేది, కష్టంలో మనసును నిలబెట్టేది, ఎదుటివాణ్ని పొడిచేది, తన్ను తాను కించపరచుకునేది. మొదటి రెండూ మంచివని, మూడోది చెడ్డదని ఎవరైనా గుర్తిస్తారు. నాలుగోదే కాపరుల కళ్లుగప్పుతుంది. యవ్వనస్థుల కూటంలో ఎప్పుడూ తనమీద తానే జోకులేసుకుని అందరినీ నవ్వించే కుర్రాడు ఉంటాడు. అందరికీ ఇష్టుడే. కూటమయ్యాక వాడితో ఒక్కణ్నే నడవండి, ఎలా ఉన్నావని రెండుసార్లు అడగండి. ‘నేను లేకపోతే మీకే హాయి’ లాంటి మాట నవ్వుతూ అన్నా దాన్ని నవ్వుగా తీసుకోవద్దు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అలా అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అవునంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు వైద్య సహాయం అందించండి.

కుంగుబాటులో ఉన్నవారి విషయంలో సామెతలు 17:22ను ఆయుధంగా వాడడం ఆపాలని మా విన్నపం. ‘సంతోషంగా ఉండు, విశ్వాసం ఉంటే దిగులెందుకు?’ అని ఆ వచనం మొదటి సగం చదువుతారు. రెండో సగం ‘నలిగిన మనస్సు ఎముకలను ఎండిపోజేయును’ అంటోంది. నలగడాన్ని అది పాపమనలేదు, దానివల్ల జరిగే బాధను చెప్పింది. రెండు వారాలకు పైగా రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి మారిపోవడం ఉంటే వైద్యుణ్ని కలవాలి. దుఃఖంలో ఉన్నవాడికి పాటలు వినిపించేవాడు చలిరోజున పైబట్ట తీసేసేవాడితో సమానమని సామెతలు 25:20 చెబుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు ప్రసంగీకుడు స్పర్జన్ ప్రసంగాల్లో చమత్కారానికి పేరుపొందినవాడు, ఏళ్ల తరబడి తీవ్రమైన కుంగుబాటుతో బాధపడినవాడు కూడా. నవ్వించగలవాడికి దిగులు రాదనుకోవద్దు, దిగులు వచ్చినవాడికి విశ్వాసం లేదనుకోవద్దు.

రోగుల పరామర్శలో మొదటి పది నిమిషాలు వినడానికే. సరదా మాట రోగి మొదలుపెడితే అందుకోండి, మీరు మొదలుపెట్టకండి. ఆపరేషన్ కుట్లు ఉంటే పొట్టకు దిండు అదుముకోమనండి, నవ్వినా దగ్గినా నొప్పి తగ్గుతుంది. చావింట్లో పోయినవారి అలవాట్లు తలుచుకుని ఇంటివారే ఏడుస్తూ నవ్వుతారు. అది ప్రేమ. వారిని వారించకండి, వారికంటే ముందు మీరు నవ్వకండి.

ఆదివార బడి ఉపాధ్యాయులకు: ప్రార్థనలో ఒక పిల్లవాడికి నవ్వు వస్తే అణచేకొద్దీ వరుసంతా పాకుతుంది. కొట్టడం, నిలబెట్టడం వల్ల ఆ పిల్లలకు ప్రార్థన అంటే బెదురే మిగులుతుంది. కళ్లు తెరవనివ్వండి, అర నిమిషం నవ్వుకోనివ్వండి, మళ్లీ మొదలుపెట్టండి. చిన్నపిల్లల ప్రార్థన ఒక నిమిషానికి మించితే తప్పు పిల్లలది కాదు. గాడిద మాట్లాడే కథకు ఒకరిని గాడిదగా, ఒకరిని బిలాముగా, ఒకరిని దూతగా నిలబెట్టి చెప్పించండి. ఎవరినీ వారి రూపాన్నిబట్టి ఆ పాత్రకు ఎంచకండి, చీటీలు తీయండి. పిల్లలు పెట్టుకునే వెక్కిరింపు పేర్లు ఉపాధ్యాయుల నోట ఒక్కసారి కూడా రాకూడదు.

ఇళ్లలో వాడుకోవడానికి ఒక చిన్న పద్ధతి ఉంది. వారం రోజులపాటు పడుకునే ముందు, ఆ రోజు నవ్వు తెప్పించిన మూడు సంగతులు, అవి ఎందుకు నవ్వు తెప్పించాయో రెండేసి వాక్యాల్లో రాసుకోవడం. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఇలా చేసినవారికి దిగులు లక్షణాలు తగ్గి, సంతోషం పెరిగినట్టు తేలింది. కుటుంబ ప్రార్థనలో ఒక్కొక్కరు ఒక్కటి చెప్పి, దానికోసం దేవునికి కృతజ్ఞత చెల్లిస్తే సరిపోతుంది. ఎగతాళి సంగతులు లెక్కలోకి రావు. ఆ రోజు ఏమీ లేదన్నవారిని బలవంతపెట్టవద్దు.

బలవంతం అన్నాక ఇంకొక మాట. 1994లో టొరంటోలో మొదలైన ఉజ్జీవ కూటాల తర్వాత, ఆరాధనలో ఆత్మచేత నవ్వు రావడం గురించి సంఘాల్లో చాలా వాదం జరిగింది. ఆ వాదాన్ని ఈ లేఖలో తేల్చబోవడం లేదు. కాని నవ్వు రానివారిని ‘నీలో అడ్డుంది’ అని నిలదీయడం, పడి నవ్వేదాకా తలమీద చేతులు తీయకపోవడం ఎవరు చేసినా తప్పు. నవ్వకూడదని శాసించడం ఎంత భారమో, నవ్వి తీరాలనడమూ అంతే భారం.

మీ తదుపరి పెద్దల సమావేశంలో దీనికి అరగంట కేటాయించమని కోరుతున్నాం. గత మూడు నెలల ప్రసంగాల రికార్డుల్లో సంఘం నవ్విన చోట్లన్నీ గుర్తించి, ఆ నవ్వు ఎవరిమీద పడిందో ఒక్కొక్కటీ రాయండి. ఈ పని ప్రసంగీకుడు ఒక్కడే చేస్తే చాలదు. కనీసం ఇద్దరు స్త్రీలు, ఒక యవ్వనస్థుడు పక్కన ఉండాలి. ఆ పట్టికలో సంఘ సభ్యుల పేర్లు ఏవైనా తేలితే, వచ్చే ఆదివారంలోగా వారి ఇళ్లకు వెళ్లండి.

క్రీస్తునందు మీ సహోదరులు, సహోదరీలు,
సంఘ పరిచర్యలోనూ ఆదరణ సేవలోనూ ఉన్న మీ తోటి పనివారు